నాగుపాము విషానికి మన ఒంట్లోనే చుట్టాలు

నర్సంపేట దగ్గర మా ఊళ్లో, పత్తి చేనులో మా చిన్నాయనకు నాగుపాము కుట్టింది. వరంగల్ తీసుకుపోతుంటే ఆటోలోనే రెప్పలు వాలిపోయాయి. ఎంత పిలిచినా పలకలేదు. ప్రాణం పోయిందనే ఏడ్చాం. మూడో రోజు గొంతులోంచి గొట్టం తీశాక ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "మీరు ఏడ్సుడంతా నేను ఇన్న. రెప్ప లేపుదమంటే లేస్తలేదు."

నిజమే, ఆ విషం మెదడును నిద్రపుచ్చదు. కండరానికి అందాల్సిన కబురును ఆపుతుంది. నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి, కండరం మీద ఆ కబురు అందుకునే గ్రాహకంలో కూర్చుంటేనే రెప్ప లేస్తుంది, ఊపిరి ఆడుతుంది. విషంలోని ఒక చిన్న ప్రోటీన్ ముందే పోయి ఆ చోటు పట్టేస్తుంది. అందులో ఉండేవి 60, 70 అమైనో ఆమ్లాలే. నాలుగైదు గంధకపు బంధాలు దాన్ని ఒక దగ్గర ముడేస్తే, ఆ ముడి నుంచి మూడు పాయలు వేళ్లలా చాచుకుని ఉంటాయి. నడిమి వేలు సరిగ్గా గ్రాహకం సందులోకి దూరుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఇదే మూడు వేళ్ల ఆకారం మన ఒంట్లోనూ ఉంది. 1999లో ఎలుక మెదడులో గుర్తించిన లింక్స్1 అనే ప్రోటీన్ అలాంటిదే, అది మనలోనూ ఉంది. అసిటైల్‌కోలిన్ గ్రాహకాల పక్కనే ఉండి వాటి జోరు తగ్గిస్తుంది. కాకపోతే దాన్ని కణం పొరకు ఒక కొవ్వు తాడు కట్టేసి ఉంచుతుంది. పాముల పూర్వీకుల్లో ఇలాంటి ప్రోటీనే ఒకటి, పలుపు తెంపుకున్న ఎద్దులా, ఆ తాడు పోగొట్టుకుని విషగ్రంథిలో చేరింది.

ముంగిస ఏదో ఆకు తిని విరుగుడు చేసుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. అసలు సంగతి దాని గ్రాహకంలోనే ఉంది. వేలు దూరాల్సిన చోట ఒక చక్కెర గొలుసు అడ్డంగా ఉంటుంది. నాగుపాము గ్రాహకానికీ అలాంటి రక్షణే.

మనకు ఆ అడ్డు లేదు. గుర్రాల రక్తం నుంచి తీసే విరుగుడులోనేమో ఈ చిన్న ప్రోటీన్లను పట్టే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తక్కువ, ఎందుకంటే ఇంత చిన్నవాటిని గుర్రం ఒళ్లు పెద్దగా పట్టించుకోదు. 2024లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన డేవిడ్ బేకర్ బృందం, ఈ వేళ్లకు అతుక్కునే కొత్త ప్రోటీన్లను కంప్యూటర్‌లో రూపొందించి, 2025 జనవరిలో ఫలితాలు ప్రకటించింది. ప్రాణం తీసేంత విషం ఎక్కించిన ఎలుకలను అవి కాపాడాయి. వాటి తయారీకి గుర్రాలు అక్కర్లేదు, బ్యాక్టీరియా చాలు. అవి మనుషులకు మందుగా రావాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు దాటాలి. చిన్నాయనను బతికించింది మాత్రం ఆ గుర్రపు మందూ, మూడు రోజులు ఆయన బదులు ఊపిరి తీసిన వెంటిలేటరే.