బ్రేకుకూ నెల కిరాయేనా? కార్లలో సాఫ్ట్‌వేర్ తాళం వెనక కథ

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 డిసెంబర్ 31 దాకా ఈ మినహాయింపు ఉంటుందని చెప్పింది. అంతకు ముందు 2020 పాలసీలో సొంత కార్లయితే మొదటి 5,000కే ఆ వెసులుబాటు ఉండేది. ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం ఆగినా, జడ్చర్ల ఫ్లైఓవర్ ఎక్కినా ఆకుపచ్చ నంబర్ ప్లేట్లు కనిపిస్తున్నాయి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023లోనే శంకుస్థాపన జరిగింది. బ్యాటరీ, రేంజ్, చార్జింగ్ గురించి ఇక్కడ జనానికి బాగానే తెలిసొచ్చింది. తెలియంది ఇంకోటుంది. లేన్ తప్పకుండా చూసే, ఢీకొట్టబోతుంటే బ్రేకు వేసే, ‘అడాస్’ అని అందరూ పిలిచే డ్రైవర్ సహాయక వ్యవస్థను కారుతోపాటే కొంటున్నామా, కిరాయికి తీసుకుంటున్నామా?

కారులో నెలవారీ చందా కొత్తేమీ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1996లోనే ‘ఆన్‌స్టార్’ పెట్టింది. ప్రమాదం జరిగితే కాల్ సెంటర్ వాళ్లు సాయం పంపేవారు, దానికి చందా కట్టాలి. అది న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే అవతల మనిషి కూర్చుని ఫోన్ ఎత్తాలి. అసలు మలుపు అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లాతో వచ్చింది. 2014 అక్టోబర్ నుంచి ఆ కంపెనీ తన కార్లలో కెమెరా, రాడార్ బిగించి పంపింది. వాటితో కారు తనంతట తాను లేన్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ ఏడాది తర్వాత, బండి షెడ్డుకు వెళ్లే పని లేకుండా ఇంటర్నెట్ ద్వారానే వచ్చింది, అది కూడా అదనపు డబ్బు కట్టినవాళ్లకే. 2016లో మరో అడుగు వేసింది. ‘మోడల్ ఎస్ 60’ పేరుతో అమ్మిన కారులో నిజానికి 75 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంది, అందులో కొంత వాడుకోకుండా సాఫ్ట్‌వేర్‌తో కట్టేశారు. బోరు వేసి, మోటారు దించి, స్టార్టర్ డబ్బాకు తాళం వేసినట్టన్నమాట. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలో జనం తప్పించుకోవడానికి ఆ తాళం కొన్నాళ్లు తీశారు. సాయమే, కాదనలేం. కాకపోతే తమ బండిలోనే అంత బ్యాటరీ పడి ఉందని చాలామంది గమనించింది అప్పుడే.

కంపెనీలు ఎందుకిలా చేస్తాయంటే, ఫ్యాక్టరీలో రెండు మూడు రకాల వైరింగ్ పెట్టుకోవడం కన్నా అన్ని కార్లకూ ఒకే సామాను బిగించడం తేలిక. పైగా కారు అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, చందా అయితే ఏళ్ల తరబడి వస్తుంది. కారు తానే నడుస్తుందని చెప్పి టెస్లా అమ్మే ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ సాఫ్ట్‌వేర్ ధర చూస్తే ఈ లెక్క కనిపిస్తుంది. 2022లో 15,000 డాలర్ల దాకా ఎక్కింది, 2024లో 8,000కు దిగింది. నెల చందా 2021 జూలైలో 199 డాలర్లతో మొదలై 2024 ఏప్రిల్‌లో 99 అయింది. చివరికి 2026 ఫిబ్రవరి 14 తర్వాత ఒకేసారి కొనే వీలే ఉండదని, నెలవారీ చందా ఒక్కటే ఉంటుందని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ ప్రకటించారు. పేరులో ‘ఫుల్’ ఉన్నా డ్రైవర్ రోడ్డు మీద కన్ను తీయకూడదు, ప్రమాదం జరిగితే బాధ్యత అతనిదే.

మిగతా కంపెనీలూ ప్రయత్నించాయి. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో సీటు వేడిచేసే సదుపాయానికి నెల చందా పెట్టి తిట్లు తిన్నది, మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. పాలమూరు ఎండలకు సీటు వేడికి ఎవరూ పైసలు కట్టరనుకోండి! అయినా ఆ గొడవతో ఒకటి తేలింది. సీటు కింద తీగ ఉందని తెలిశాక మనిషి ఊరుకోడు. కెమెరాతో నడిచే సాఫ్ట్‌వేర్ విషయంలో అంత కోపం రాలేదు, దానికి అప్‌డేట్లు వస్తుంటాయి కాబట్టి.

మన దేశంలో కథ వేరే దారిలో నడిచింది. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700తో అడాస్ మధ్యతరగతి చూపులోకి వచ్చింది. ఆ తర్వాత ఎలక్ట్రిక్ కార్లలోకీ దిగింది. ఇక్కడ తాళం ఎక్కువగా వేరియంట్ రూపంలో ఉంటుంది. పై వేరియంట్ కొంటే అడాస్, కింది వేరియంట్‌కు లేదు. చందా మాత్రం పక్క గుమ్మం నుంచి వచ్చింది. 2019లో హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్ కార్లతో సిమ్ ఉన్న కార్లు మొదలయ్యాయి. ఫోన్‌లో ఏసీ వేయడం, బండి ఎక్కడుందో చూడటం లాంటివి కొన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత రెన్యూవల్. ఫ్రీగా వాడి అలవాటు పడ్డాక వచ్చే బిల్లు ఇది. టెస్లా 2025 జూలైలో ముంబైలో షోరూం తెరిచినప్పుడు మోడల్ వై ధర దాదాపు 60 లక్షలు, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్‌కు అదనంగా 6 లక్షలు అంది.

యాక్టివేషన్ ఎలా జరుగుతుందో చూస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. యాప్‌లో డబ్బు కడితే కంపెనీ సర్వర్‌లో ఆ కారు చాసిస్ నంబర్ ఎదురుగా అనుమతి నమోదవుతుంది. కారులోని సిమ్ ద్వారా ఆ అనుమతి కారుకు చేరుతుంది. బ్రేకు వేసే పని మాత్రం కెమెరా, రాడార్లదే. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ పోయినంత మాత్రాన రాడార్ ఆగదు. నెల కిస్తీ విషయంలో మరో మెలిక ఉంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఆటో డెబిట్ అయ్యే ముందు 24 గంటల నోటీసు రావాలి, 15,000 రూపాయలు దాటితే ఓటీపీ కావాలి. అకౌంట్‌లో డబ్బు లేక ఆ డెబిట్ ఫెయిలైతే సినిమా యాప్ ఆగడం వేరు, బండి అలవాటైన సాయం మానేయడం వేరు.

సెకండ్ హ్యాండ్ దగ్గరకొస్తే ఇంకా తికమక. 2019 చివర్లో అమెరికాలో ఒకాయన డీలర్ దగ్గర టెస్లా కొంటే, పాత యజమాని కాలం నాటి ఆటోపైలట్‌ను కంపెనీ దూరం నుంచే తీసేసింది. పత్రికల్లో రచ్చయ్యాక తిరిగి ఇచ్చింది. మన దగ్గర ఫారం 29, 30 మీద సంతకాలు పెడితే ఆర్‌సీ మారుతుంది. యాప్ అకౌంట్ సంగతి ఆ ఫారాల్లో లేదు.

ఇంతకూ ఈ సాయం మన రోడ్ల మీద ఎంత పనికొస్తుంది? సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటలకొద్దీ ఆగుతూ కదులుతూ పోయేవాడికి ముందు బండిని చూసి తానే ఆగి కదిలే క్రూజ్ నిజంగా వరమే. ఆ ఒక్క నెలకే కట్టుకునే వీలుంటే చందా పద్ధతి నాకూ నచ్చుతుంది. కానీ కోతల కాలంలో నల్లగొండ రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి పూట టార్పాలిన్ కప్పిన వడ్ల కుప్పను కెమెరా ఏమనుకుంటుందో నమ్మలేం. గొర్ల మంద, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు సరేసరి. అన్ని అడ్డంకులనూ గుర్తించలేదని కంపెనీల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది.

అందుకే లేన్‌లో నడిపే సౌకర్యాన్నీ, ఢీకొట్టబోతుంటే వేసే అత్యవసర బ్రేకునూ ఒకే గాటన కట్టొద్దు. మొదటిది విలాసం, కిరాయికి పెట్టుకోనీ. రెండోది ప్రాణం. ఎయిర్‌బ్యాగ్ కూడా ఒకప్పుడు మన దగ్గర పై వేరియంట్ వాళ్లకే దక్కేది. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్ట్ రిమైండర్, స్పీడ్ అలర్ట్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయ్యాయి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ వరకు ఆ బేరం అక్కడితో ముగిసింది. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అత్యవసర బ్రేకు ఉండి తీరాలి. మన కార్లకు ఆ నిబంధన రాలేదు. అది వచ్చేదాకా బుకింగ్ రోజే సేల్స్‌మన్‌ను అడిగి, అత్యవసర బ్రేకు కారు ధరలో ఉందా, విడిగా డబ్బు కట్టాల్సిన ప్యాక్‌లో ఉందా, ప్యాక్ కారు పేరు మీదా మన పేరు మీదా అన్నది కొటేషన్ కాగితం మీదే రాయించుకోవాలి.