కథను గేమ్ మాస్టర్ ఒక్కరే మోయక్కర్లేదు

పిల్లలకు,

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ అల్లుకునే మీ రోల్ ప్లేయింగ్ ఆట సంగతులు రాసినందుకు సంతోషం. గేమ్ మాస్టర్‌గా, అంటే ఆటను నడిపించడానికి, కూర్చున్నవాళ్లు గంటల తరబడి మాట్లాడుతుంటే మిగతావాళ్లు పాచికలు దొర్లిస్తూ కూర్చుంటున్నారని కూడా రాశారు కదా, ఆ ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చినప్పటి నుంచి ఒక అలవాటు స్థిరపడింది. లోకాన్ని కల్పించేది గేమ్ మాస్టర్, అందులో తన పాత్ర ఏం చేస్తుందో చెప్పేది ఆటగాడు. మంచి అలవాటే, కానీ అలాగే ఆడి తీరాలని ఏమీ లేదు. 2009లో వచ్చిన ఫియాస్కో అనే ఆటలో గేమ్ మాస్టరే ఉండరు. 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్ అయితే, ఆటగాళ్లను ప్రశ్నలు అడిగి ఆ జవాబుల మీదే కథ కట్టమని గేమ్ మాస్టర్‌కు సూటిగా చెబుతుంది.

కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. "ఇప్పుడేం జరగాలో నువ్వు చెప్పు" అని అడిగితే ఎవరికైనా నోట మాట రాదు, టెన్షన్ మొదలవుతుంది. సగం సంగతి మీరే చెప్పి మిగతా సగం అడగండి. ఉదాహరణకు, జట్టు ఒక వంతెన దగ్గరికి వచ్చింది, అక్కడ కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు. అందరికంటే తక్కువ మాట్లాడే ఆటగాడి వైపు తిరిగి, "వీడు నీకు ముందే తెలుసు. నిన్ను చూడగానే ముఖం తిప్పుకున్నాడు. ఎందుకు?" అని అడగండి. ఆ పిల్లవాడు కాసేపు ఆలోచించి, "నా గుర్రాన్ని తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు" అంటాడు. ఇంక చూడండి! ఇప్పటిదాకా పేరైనా లేని కాపలావాడికి ఒక గతం వచ్చింది. పక్కనున్న అమ్మాయి "ఆ గుర్రం ఇప్పుడెక్కడుంది?" అంటుంది. మీరు రాత్రంతా కూర్చుని రాసుకున్న కథలో ఆ గుర్రం లేదు. ఫరవాలేదు, మీ కాగితం పక్కన పెట్టి గుర్రం వెంట వెళ్లండి.

జవాబు విన్నాక దాన్ని వాడి తీరాలి. "బాగుంది" అనేసి మళ్లీ మీ దారిలో మీరు పోతే, రెండోసారి అడిగినప్పుడు ఎవరూ మనసుపెట్టి చెప్పరు. అందుకే చెప్పిన ప్రతి పేరూ, ప్రతి ఊరూ అక్కడికక్కడే రాసుకోండి. జవాబు మరీ పెద్దదైతే, ఉదాహరణకు "ఆ గుర్రం నేనడిగినవన్నీ ఇస్తుంది" అంటే, కాదనకుండా "ఇస్తుంది, బదులుగా ఏం తీసుకుంటుంది?" అని అడగండి.

పాచిక తక్కువ పడి పాత్ర ప్రయత్నం ఫలించనప్పుడు కూడా ఇదే పని చేయవచ్చు. తాళం తెరుచుకోలేదని మీరే చెప్పేయకుండా, ఏం అడ్డొచ్చిందో వేసినవాళ్లనే చెప్పనివ్వండి. తమ పాత్ర ఇరుక్కోవడాన్ని పిల్లలు ఎంత ఇష్టంగా చెబుతారో! నాకైతే ఆటలో అన్నిటికంటే నచ్చేది ఆ ఘట్టమే.

అయితే అన్నీ అడగకూడదు. హంతకుడెవరో కనిపెట్టే కథ అయితే ఆ పేరు మీ దగ్గరే ఉండాలి, లేకపోతే వెతకడంలో సరదా పోతుంది. ఒకరి పాత్ర ఏమనుకుంటుందో, దేనికి భయపడుతుందో ఇంకొకరు నిర్ణయించకూడదు. ఇక అప్పటికప్పుడు కల్పించే కథ ఎటు పోతుందో ముందుగా తెలియదు కాబట్టి, ఇంటూ గుర్తు వేసిన ఒక కార్డును బల్ల మధ్యలో పెట్టండి. దీన్ని ఎక్స్ కార్డ్ అంటారు. ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తే దాన్ని తాకితే చాలు, ఆ విషయం కథలోంచి తీసేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు.

మాట్లాడటం అసలే ఇష్టంలేని పిల్లలు ఉంటారు. వాళ్లను బలవంతం చేయకండి. ఒక పేరు పెట్టమనండి, లేదా మ్యాప్‌లో ఖాళీగా వదిలిన చోట ఏదైనా గీయమనండి. వాళ్లు గీసింది పాడుబడ్డ కోట అయితే, వచ్చే ఆటలో జట్టుకు అక్కడే పని పడేలా చూడండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న