తవ్విన నేలమీద సైకిలు తొక్కబోయే పిల్లలకు

మంచిర్యాల

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వచ్చే వేసవి సెలవుల్లో మీ నాన్నతో కలిసి డ్రెస్డెన్ నుంచి రైలులో సెన్ఫ్‌టెన్‌బెర్గ్ వెళ్లి, అక్కడి సరస్సుల చుట్టూ కంకర దారుల్లోనూ తొక్కగలిగే గ్రావెల్ సైకిళ్లమీద తిరగబోతున్నామని మీరు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. అన్ని సరస్సులు ఒక్కచోట ఎలా పుట్టాయని ఒకరు అడిగారు; బాట దిగి పక్కన ఉన్న ఇసుకలోకి వెళ్లవద్దని నాన్న ఎందుకు అంత గట్టిగా చెబుతున్నారని ఇంకొకరు అడిగారు. నిజానికి రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. నేను సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో పనిచేసి రిటైరైన మనిషిని, మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ బాటల్లో కొన్నింటిమీద మెల్లగా తిరిగినవాణ్ణి కూడా. కనుక ఈ సంగతి కొంచెం వివరంగానే రాస్తాను.

బెర్లిన్‌కూ డ్రెస్డెన్‌కూ నడుమ, జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్, సాక్సనీ రాష్ట్రాలు కలిసే చోట ఉన్న ఆ ప్రాంతాన్ని లౌజిట్స్ అంటారు. అక్కడ 20కి పైగా సరస్సులు, అన్నీ కలిపితే సుమారు 14,000 హెక్టార్ల నీరు ఉంటుంది. వాటిలో ఏదీ ప్రకృతి ఇచ్చినది కాదు. ప్రతి ఒక్కటీ లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు తవ్వగా మిగిలిన గుంతే. పాత తూర్పు జర్మనీకి వేరే ఇంధనం పెద్దగా లేకపోవడంతో కరెంటుకూ, ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికీ, రసాయన పరిశ్రమకూ దీనిమీదే ఆధారపడింది. 1980ల చివరలో ఆ దేశం ఏటా 30 కోట్ల టన్నులు తవ్వి, లిగ్నైట్ ఉత్పత్తిలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉండేది. 1990లో రెండు జర్మనీలూ ఏకమయ్యాక ఆ గనుల్లో చాలా భాగం కొద్ది ఏళ్లలోనే మూతపడ్డాయి.

ఇక తవ్విన తీరు చూడండి. మన దగ్గర బొగ్గుమీద గట్టి ఇసుకరాయి ఉంటుంది కాబట్టి డ్రిల్లు వేసి, బ్లాస్టింగ్ చేసి, షావెళ్లతో డంపర్లకెత్తి, ఆ ఓబీని, అంటే బొగ్గుమీది రాయినీ మట్టినీ, దూరంగా గుట్టలుగా పోస్తాం. మన బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. లౌజిట్స్ బొగ్గు వయసు రెండు కోట్ల ఏళ్లు కూడా ఉండదు, దానిమీద ఉన్నది రాయి కాక వదులు ఇసుక, బంకమన్ను. అందుకే అక్కడ బ్లాస్టింగ్ అవసరం రాలేదు. గొలుసుకు బొక్కెనలు కట్టినట్టుండే యంత్రాలు గనికి ఒక ఒడ్డున మట్టిని గీరి తీస్తే, గనిమీదుగా అడ్డంగా నిలబడిన ఒక ఉక్కు వంతెన బెల్టుల మీద ఆ మట్టిని అవతలి ఒడ్డుకు చేర్చి అక్కడే కుమ్మరించేది. లిష్టర్‌ఫెల్డ్ ఊళ్లో ఎఫ్60 అనే అటువంటి వంతెనను మ్యూజియంగా నిలిపి ఉంచారు. దాని పొడవు 502 మీటర్లు, బరువు సుమారు 11,000 టన్నులు. 1991లో పనిలోకి దిగి 1992లోనే ఆగిపోయిన ఆ యంత్రాన్ని చూసినప్పుడు, అంత ఇనుము అంత కొద్దికాలం కోసమా అని గనివాడిగా నాకు నిజంగానే మనసు చివుక్కుమంది.

ముందు తవ్వుతూ వెనక పూడ్చుతూ గని పొలాలమీదుగా ఏటా ముందుకు జరుగుతుంది. తీసుకుపోయిన బొగ్గు తిరిగి రాదు కనుక, పని ఆగిన చోట ఒక పెద్ద గుంత తప్పక మిగులుతుంది. గని పొడిగా ఉండాలంటే చుట్టూ బోర్లు వేసి భూగర్భజలాన్ని తోడేస్తూనే ఉండాలి. అక్కడ ఒక టన్ను బొగ్గుకు ఆరు ఘనపు మీటర్ల దాకా నీరు తోడారు. దానివల్ల 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేలలో నీటిమట్టం పడిపోయింది. పంపులు ఆపితే గుంత దానంతటదే నిండుతుంది, కానీ అందుకు దశాబ్దాలు పడుతుంది. ఒడ్డులోంచి గుంతలోకి ఊరే నీరు ఒడ్డును కోసేస్తుంది, మట్టిలోని ఆమ్లాన్నీ వెంట తెస్తుంది. అందుకే ష్ప్రే, ష్వార్ట్సె ఎల్‌స్టర్, నైస్సె నదుల్లో నీరు మిగులు ఉన్నప్పుడల్లా మళ్లించి గుంతలను త్వరగా నింపుతారు. అలా నింపిన నీరు లోపలినుంచి ఒడ్డును ఆనుకొని నిలబెడుతుంది. సెన్ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సును 1967లో నింపడం మొదలుపెట్టి 1973లో ఈతకు తెరిచారు. గనులు ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లోనే ఈ గుంతలన్నీ సరస్సుల వరుస కావాలని ఊహించి గీసిన మనిషి ఓట్టో రింట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు.

ఇప్పుడు నాన్న మాటకు వద్దాం. యంత్రం కుమ్మరించిన ఇసుక దానంతటది గట్టిపడదు. గింజలు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండి, వాటి నడుమ ఖాళీలు మిగిలిపోతాయి. నేల ఎండి ఉన్నంతకాలం ప్రమాదం కనిపించదు. తగ్గిన భూగర్భజలం మళ్లీ పైకి వచ్చి ఆ ఖాళీల్లో నిండాక మాత్రం, చిన్న అదురు చాలు, గింజ గింజను ఆనుకొని ఉన్న పట్టు తప్పిపోయి, నేల మొత్తం ద్రవంలా పారుతుంది. 2010 అక్టోబరులో ష్ప్రేటాల్ దగ్గర ఇలాగే పెద్ద మేర నేల ఒక్కసారిగా జారిపోయి లారీలూ గొర్రెలూ అందులో చిక్కుకున్నాయి. దీనికి విరుగుడుగా పొడవాటి ఉక్కు కడ్డీలను లోతుకు దించి కంపింపజేస్తారు, కొన్నిచోట్ల నేల అడుగున చిన్న పేలుళ్లు జరుపుతారు; కుంచంలో పోసిన బియ్యాన్ని తట్టితే సర్దుకున్నట్టు ఇసుక సర్దుకుంటుంది. ఈ పని సరస్సు అంచుల్లో ముందుగా చేసి, ఆ గట్టి కట్టమీదనో దాని వెనకనో బాట వేస్తారు. చాలాచోట్ల పని ఇంకా పూర్తికాలేదు. కాబట్టి ప్రాణాపాయం అని రాసిన బోర్డులూ, మూసిన గేట్లూ కనిపిస్తే, వాటి వెనక ఎంత అందమైన ఇసుక తిన్నె ఉన్నా, అవతల మరెవరి సైకిలు జాడలు కనిపించినా, మీరు వెళ్లకూడదు. ఫోనులోని మ్యాపు అక్కడ దారి ఉందని చూపినా సరే, బోర్డు మాటే నమ్మాలి. ఈ ఒక్క విషయంలో నేను మీ నాన్నకంటే కఠినంగా ఉంటాను.

తొక్కడానికి నేల రకరకాలుగా ఉంటుంది. సరస్సు చుట్టూ ఉన్న ప్రధాన బాటలు చాలావరకు నున్నటి తారు బాటలే, స్కేటింగ్ చేసేవాళ్లు కూడా వాటిమీదే వస్తారు కాబట్టి కుడివైపునే ఉండండి. గని కాలంలో వేసిన కాంక్రీటు పలకల దారులు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. పలకకూ పలకకూ మధ్య అతుకుమీద చక్రం టక్కుమంటుంది, మణికట్లు బిగబట్టకండి. సరస్సులు వదిలి పైన్ అడవుల్లోకి మళ్లితే కంకర, ఆపైన మెత్తటి ఇసుక వస్తాయి. అక్కడ చెట్లన్నీ ఒకే వయసువి, గీత గీసినట్టు వరుసల్లో ఉంటే, అది తిరగేసి పోసిన నేలమీద మళ్లీ నాటిన అడవి అని గుర్తుపట్టవచ్చు. 40 మిల్లీమీటర్ల టైర్లు వేసుకొని, గాలి కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. ఇసుక వస్తున్నదని కనిపించగానే ముందుగానే తేలిక గేరుకు మార్చి, బరువు వెనక్కి వేసి, ఆగకుండా తొక్కాలి; ముందు బ్రేకు పట్టుకున్నారంటే చక్రం పాతుకుపోయి పక్కకు పడతారు. తోడేళ్ల గురించి భయపడుతున్నారేమో. 2000లో ఆ ప్రాంతపు సైనిక మైదానంలో అవి మళ్లీ పిల్లలు పెట్టిన మాట నిజమే కాని, అవి మిమ్మల్ని చూడకముందే తప్పుకుంటాయి.

దారి పక్క కాలువల్లో నీరు ఎర్రటి గోధుమరంగులో, అడుగున మెత్తటి బురదతో ఉంటే సైకిలు ఆపి తప్పక చూడండి. లౌజిట్స్ మట్టిలో పైరైట్ అనే ఖనిజం ఉంది, అందులో ఇనుమూ గంధకమూ కలిసి ఉంటాయి. నీటి కింద ఉన్నంతకాలం అది కదలదు. గని కోసం నీరు తోడినప్పుడు దానికి గాలి తగిలి, గంధకం ఆమ్లంగా మారి, ఇనుము విడివడి, నీరు తిరిగి వచ్చినప్పుడు రెండూ కరిగి బయటికొస్తాయి; కాలువలో మళ్లీ గాలి తగిలాక ఆ ఇనుము తుప్పుగా మారుతుంది. నీటిమీద నూనె తెట్టులాంటి పొర కూడా కనిపిస్తుంది. ఒక పుల్లతో దాన్ని కదిపి చూడండి: నూనె అయితే మళ్లీ కలిసిపోతుంది, ఇది మాత్రం పెంకుల్లా ముక్కలై విడిపోతుంది, ఎందుకంటే అది ఇనుమును తిని బతికే సూక్ష్మజీవులు కట్టిన పొర. కొన్ని సరస్సులు మొదట్లో చేపలు బతకలేనంత ఆమ్లంగా ఉండేవి. పడవల్లో సున్నం తెచ్చి నీటిలో చల్లి ఆ పులుపును విరుస్తారు, ఒకసారితో తీరే పని కాదు కాబట్టి మళ్లీ మళ్లీ చల్లుతారు. ఇనుము కలిసిన నీరు ష్ప్రే నదిలోకీ చేరుతుంది, ష్ప్రెంబెర్గ్ ఆనకట్ట దానిలో చాలా భాగాన్ని ఆపి, దిగువన ఉన్న ష్ప్రేవాల్డ్ అనే కాలువల సీమను కాపాడుతోంది.

సెన్ఫ్‌టెన్‌బెర్గ్ నుంచి తూర్పుగా వెళ్తే ఒక కాలువ వస్తుంది. 2013లో తెరిచిన ఆ కాలువలో పడవలు సెన్ఫ్‌టెన్‌బెర్గ్ సరస్సునుంచి గైయెర్స్‌వాల్డె సరస్సుకు దాటుతాయి. జెడ్లిట్స్ సరస్సు ఒడ్డున 30 మీటర్ల తుప్పు ఉక్కు గోపురం ఉంది, తప్పక ఎక్కండి. చుట్టూ ఉన్న నీళ్లన్నీ ఒకేసారి కనిపించి, నేను ఇక్కడ పేజీలు రాసింది మీకు ఒక్క చూపులో తెలుస్తుంది. అక్కడినుంచి గ్రోస్‌రేషెన్ చేరితే, 2007లో నింపడం మొదలుపెట్టిన సరస్సు ఏటవాలు ఒడ్డుమీద ద్రాక్షతోట కనిపిస్తుంది. ఆ సరస్సు ఉన్నచోటే బ్యూక్‌గెన్ అనే పేట ఉండేది, 1980లలో దాన్ని గని మింగింది. లౌజిట్స్‌లో ఇలా 130కి పైగా ఊళ్లు పూర్తిగానో కొంత భాగమో పోయాయి. వాటిలో చాలా ఊళ్లు సోర్బులవి. వాళ్లు స్లావ్ భాష మాట్లాడే చిన్న జాతి. కొన్ని ఊళ్ల పేర్లు బోర్డులమీద రెండు భాషల్లో ఉండటం వాళ్లవల్లే. లౌజిట్స్‌ను దేవుడు చేస్తే, దాని కింద బొగ్గును దయ్యం దాచిందని అక్కడివాళ్లు అంటారు. ఆ ప్రాంతంలోని గనుల సైకిలు దారి గుర్తుగా సైకిలెక్కిన చిన్న దయ్యం బొమ్మను పెట్టుకున్నారు. ఆ బొమ్మ కనిపించిన చోటల్లా మీరు దారిలోనే ఉన్నట్టు.

నడుస్తున్న గనిని చూడాలనుకుంటే ఇంకా బొగ్గు తీస్తున్న వెల్ట్సో వైపు వెళ్లమని నాన్నతో చెప్పండి. జర్మనీ చట్టం ప్రకారం ఈ పని 2038 నాటికి ఆగాలి కాబట్టి, ఆ యంత్రాలు కదులుతుండగా చూడటానికి ఇదే సమయం. స్పేర్ ట్యూబు, పంపు, రెండు నీళ్ల సీసాలు తప్పక పెట్టుకోండి, ఎందుకంటే సరస్సుల మధ్య అడవిలో చాలా దూరం దుకాణాలు ఉండవు. తిరుగు రైలులో సైకిళ్లకు విడిగా టికెట్టు తీసుకోవాలని నాన్నకు గుర్తుచేయండి.

మీ తాతయ్య