ఫుకుషిమా గైడ్ల నోటికి తాళం ఎప్పుడు పడింది?

2025 ఫిబ్రవరిలో జపాన్ ప్రభుత్వం కొత్త ఇంధన ప్రణాళికను ఆమోదించింది. అణు విద్యుత్తు మీద ఆధారపడటాన్ని వీలైనంత తగ్గిస్తామని ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఇచ్చిన మాట అందులో కనిపించలేదు. మార్చిలో, ఆ ప్లాంటును నడిపిన టెప్కో కంపెనీ మాజీ అధికారులు ఇద్దరు ప్రమాదం కేసులో నిర్దోషులన్న తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దీంతో ప్రమాదం వల్ల ఖాళీ అయిన ఊళ్లను సందర్శకులకు చూపించే స్థానికుల ముందుకు పాత ప్రశ్నే మళ్లీ వచ్చింది. తప్పెవరిదని అడిగితే ఏం చెప్పాలి?

2011 మార్చిలో సునామీ వచ్చి ఫుకుషిమా అణు ప్లాంటును ముంచిన సంగతి అందరికీ తెలుసు. గైడ్లు ఏం చెప్పొచ్చన్న ఈ గొడవకు అసలు మూలం 2020 సెప్టెంబరులో ఉంది. ఆ నెల 20న ప్లాంటు పక్కనున్న ఫుతాబా పట్టణంలో విపత్తు స్మారక మ్యూజియం తెరిచారు. ప్లాంటుకు అది నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. దాదాపు 530 కోట్ల యెన్ల ఖర్చును కేంద్రమే భరించింది. అక్కడ సందర్శకులతో మాట్లాడేది ఇళ్లు వదిలి పారిపోయిన స్థానికులే. తెరిచిన కొద్ది రోజులకే వాళ్లకిచ్చిన మాన్యువల్ సంగతి జపాన్ పత్రికల్లో వచ్చింది. 'నిర్దిష్ట సంస్థలను' విమర్శించొద్దని అందులో ఉంది. అంటే ప్రభుత్వాన్నీ టెప్కోనూ అన్నమాట. ఏం చెప్పబోతున్నారో ముందే రాసివ్వమన్నారు, దాన్ని దిద్దారు కూడా. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట మూడో పక్షాన్ని తిట్టడం తగదన్నది నిర్వాహకుల వివరణ.

కానీ వీళ్లు చెప్పేది తిట్టు కాదు, సొంత బతుకు. ఊరు ఎందుకు ఖాళీ అయిందో చెప్పాలంటే ఎవరు ఏం చేశారో, ఏం చేయలేదో చెప్పక తప్పదు. 15.7 మీటర్ల సునామీ రావచ్చని టెప్కో లోపలి లెక్కల్లోనే 2008లో తేలింది. ఇది 'మనుషులు చేసిన విపత్తు' అని 2012లో పార్లమెంటు నియమించిన స్వతంత్ర కమిషనే రాసింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి నష్టపరిహార బాధ్యత లేదన్న మాట నిజమే. దాన్నీ చెప్పనివ్వండి, కమిషన్ మాటనూ చెప్పనివ్వండి. రెండూ విన్న సందర్శకుడు తనంతట తాను ఆలోచించుకోగలడు.

ఫుతాబా నడిబొడ్డున రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద బోర్డు ఉండేది. 'అణుశక్తి, ఉజ్జ్వల భవిష్యత్తుకు ఇంధనం' అని దాని మీది నినాదం. 1980ల చివర్లో ఊళ్లో పోటీ పెడితే ఒక స్కూలు పిల్లవాడు రాసిన మాట అది. పెద్దయ్యాక ఊరు వదలాల్సి వచ్చిన అతనే, 2015లో బోర్డు పాతబడిందని తీసేస్తుంటే వద్దని అడ్డుపడ్డాడు. తను రాసిన తప్పు మాట అందరికీ కనబడాలన్నాడు. మ్యూజియం తెరిచినప్పుడు దాని ఫొటో మాత్రమే పెట్టారు. బోర్డు అక్కడికి చేరింది మరుసటి ఏడాదే. దాని ముందు నిలబడ్డ గైడ్ ఈ కథంతా చెప్పకుండా ఇంకేం చెప్పాలి?

పక్కనే నమియే పట్టణంలో ఉకెదో ప్రాథమిక పాఠశాల ఉంది. సముద్రానికి కొన్ని వందల మీటర్ల దూరం. ఆ రోజు బడిలో ఉన్న పిల్లలందరినీ టీచర్లు కొండ మీదికి నడిపించి బతికించారు. ఆ శిథిల భవనాన్ని 2021 నుంచి చూడనిస్తున్నారు. సునామీ కథ కాబట్టి అక్కడ చెప్పేవాళ్లకు ఇలాంటి టెన్షన్ తక్కువ.

ప్లాంటు చుట్టూ 1,600 హెక్టార్ల స్థలం అలా కాదు. ఫుకుషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) అంతటా గీకి తెచ్చిన, రేడియేషన్‌తో కలుషితమైన మట్టిని అక్కడే పోశారు. 2045లోగా దాన్ని ఫుకుషిమా బయటికి తరలించాలని చట్టమే చేశారు, ఎక్కడికన్నది మాత్రం ఖరారు కాలేదు. బస్సు ఆ దారిలో వెళ్తున్నప్పుడు గైడ్ ఈ సంగతి చెప్తే, అది సమాచారమా, ప్రభుత్వం మీద విమర్శా? ఆ నిబంధన పెట్టినవాళ్లు దీనికి సూటిగా జవాబివ్వాలి.