‘వై’ పోయి ‘ఈ’ వచ్చింది: కెమిస్ట్రీ వదిలేసిన పాత స్పెల్లింగ్ కథ

1661లో రాబర్ట్ బాయిల్ లండన్‌లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుందని బళ్ళో చదువుకున్నామే, ఆ సూత్రం ఈయనదే. పుస్తకం పేరు ‘ది స్కెప్టికల్ కిమిస్ట్’. ఇప్పుడు చాలామంది దాన్ని ‘కెమిస్ట్’ అనేస్తారు కానీ, ఆ మాటలో ఇవాళ ‘ఈ’ అక్షరం ఉన్నచోట అప్పట్లో ‘వై’ ఉండేది. అది అచ్చుతప్పు కాదు. ఆ కాలంలో ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళు మామూలుగా రాసే పద్ధతే అది. కిమిస్ట్, కిమిస్ట్రీ, కిమికల్, అన్నిట్లోనూ వై. ఆ వైని ఇప్పటి ఈతో సరిదిద్దేస్తే స్పెల్లింగ్ ఒక్కటే కాదు, అర్థం కూడా మారిపోతుందని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఆ మాట చెప్పే పని ఇవాళ మనం కెమిస్ట్రీ అంటున్న పని కాదు, అలాగని మనం ఆల్కెమీ (మామూలు లోహాల్ని బంగారం చేయాలనే రసవాదం) అంటున్నదీ కాదు. రెండూ విడిపోకముందు ఉన్న ఒకే పని.

ఈ మాట మూలం గ్రీకు. అక్కడే రెండు వాదాలున్నాయి. నైలు ఒడ్డున ఉన్న నల్లమట్టి వల్ల ఈజిప్టుకు వచ్చిన పాత పేరు నుంచి పుట్టిందని కొందరంటారు. రసం, పోయడం, కరిగించడం అనే అర్థాలున్న గ్రీకు ధాతువు నుంచి వచ్చిందని ఇంకొందరంటారు (జీర్ణాశయంలో అరిగిన ఆహారాన్ని బయాలజీలో కైమ్ అంటారు, ఆ మాట ఈ రెండో ధాతువుదే). గ్రీకు నుంచి అరబ్బీలోకి వెళ్ళినప్పుడు దాని ముందు ‘అల్’ చేరింది. ఇంగ్లీషులో ‘ది’ లాంటిదే అది. ఆల్జీబ్రాలో, ఆల్కహాల్‌లో ఉన్నదీ ఆ అల్లే. 1144లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అనే ఆయన అరబ్బీ గ్రంథం ఒకదాన్ని లాటిన్‌లోకి అనువదించాక ఈ విద్య అల్‌తో సహా యూరప్‌లో అడుగుపెట్టింది. 16వ శతాబ్దంలో గ్రీకు, లాటిన్ స్వచ్ఛంగా ఉండాలని పట్టుబట్టే పండితులు బయలుదేరారు. గనుల మీద గొప్ప గ్రంథం రాసిన అగ్రికోలా వాళ్ళలో ఒకడు. అరబ్బీ అల్ ఎందుకని దాన్ని తీసేసి, కరిగించడం అనే గ్రీకు అర్థం గుర్తొచ్చేలా వై పెట్టి రాశారు. వాళ్ళు చేసింది భాషకు నగిషీ మాత్రమే. చేతిలో పని ఏమీ మారలేదు.

అందుకే ఆ తర్వాత వందేళ్ళ పాటు అల్ ఉన్న మాటా లేని మాటా ఒకదాని బదులు ఒకటి వాడేవారు. 1597లో జర్మన్ కెమిస్ట్ లిబావియస్ రాసిన ‘అల్కెమియా’ తెరిస్తే, ఇవాళ మనం కెమిస్ట్రీ ల్యాబ్‌లో చూసే పనులే: మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టడం (డిస్టిలేషన్), ఆమ్లాలు తీయడం, లవణాలు చేయడం. మరోపక్క ‘కిమిస్ట్రీ’ అని పేరు పెట్టుకున్న పుస్తకంలో సీసాన్ని బంగారం చేసే ప్రయత్నం కనబడవచ్చు. కిమిస్ట్ అంటే మందులు చేసేవాడు, రంగులు, ఆమ్లాలు, గాజు పని తెలిసినవాడు, లోహాలను పరీక్షించేవాడు, బంగారం కోసం కొలిమి ముందు కూర్చునేవాడు కూడా. ఈ విద్య అసలు గమ్యం బంగారం కాదు, మందు అని 16వ శతాబ్దంలోనే పారసెల్సస్ అనే వైద్యుడు వాదించాడు. ఆ మందుల వారసత్వం వల్లే బ్రిటన్‌లో కెమిస్ట్ అంటే మందుల షాపతను అయ్యాడు, బ్రిటిష్ వాళ్ళతో పాటు ఆ మాట మన దగ్గరికొచ్చి విజయవాడలో, వరంగల్‌లో మెడికల్ షాపుల బోర్డుల మీద ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’ అని కూర్చుంది. మన రసశాస్త్ర గ్రంథాల్లోనూ లోహాన్ని మార్చే లోహవేధ, శరీరాన్ని మార్చే దేహవేధ పక్కపక్కనే ఉంటాయి. ‘రస’ అంటే పాదరసం. రసవాదం అన్నా రసాయనం అన్నా మొదట్లో ఉన్నది ఆ మాటే.

ఇక బంగారం సంగతి. ఆ కాలంవాళ్ళు అమాయకులు, అత్యాశపరులు అనుకోవడం తేలిక. కానీ వాళ్ళ కళ్ళముందు ఏం జరిగేదో చూడండి. ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో గనినుంచి వచ్చిన సీసాన్ని పెట్టి గట్టిగా కాలిస్తే, సీసం ఆక్సైడుగా మారి గిన్నెలోకి ఇంకిపోతుంది, చివరికి మెరిసే వెండి పూస ఒకటి మిగులుతుంది. సీసం ఖనిజంలో వెండి సహజంగానే కొద్దిగా కలిసి ఉంటుంది కాబట్టి అలా వస్తుందని మనకు తెలుసు. అయితే లోహాలన్నీ గంధకం, పాదరసం అనే రెండు మూలద్రవ్యాల కలయికలేనని, భూమి లోపల అవి మెల్లగా పండుతూ మారుతుంటాయని అరబ్బీ గ్రంథాల నుంచి వచ్చిన సిద్ధాంతం నమ్మినవాడికి, సీసంలో వెండి కనబడితే ఏమనిపిస్తుంది? సీసం సగం దారిలో వెండి అయిందనిపిస్తుంది. ఆ పండటాన్ని కొలిమిలో తొందరపెట్టొచ్చు అనుకోవడం ఆ సిద్ధాంతం నుంచి న్యాయంగా వచ్చే ముగింపే. సిద్ధాంతం తప్పు, తర్కం తప్పు కాదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

బాయిల్ విషయానికొస్తే, ఆ పుస్తకంతో ఆల్కెమీని పాతిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి అందులో ఆయన తప్పుపట్టింది ఉప్పు, గంధకం, పాదరసాలే అన్నిటికీ మూలం అనే పారసెల్సస్ వర్గం వాదాన్ని, దాన్ని గుడ్డిగా వల్లించేవాళ్ళని. బంగారం చేయొచ్చన్న నమ్మకం ఆయనకు జీవితాంతం ఉంది. ఆయనకు కొలిమి పని నేర్పినవాళ్ళలో జార్జ్ స్టార్కీ ఒకడు. హార్వర్డ్‌లో చదివి 1650లో లండన్ వచ్చి, 1665 ప్లేగులో చనిపోయాడు. స్టార్కీ ల్యాబ్ నోట్‌బుక్కులు కొన్ని మిగిలాయి. వాటిలో బరువులు, కొలతలు, ఊహించింది జరగకపోతే మళ్ళీ చేసిన ప్రయోగాలు కనిపిస్తాయి. కొలిచి చూడటం మనం ఆధునిక కెమిస్ట్రీ సొత్తనుకుంటాం. బంగారం వెతికే మనిషి నోట్‌బుక్కులో అది అప్పటికే ఉంది. బంగారం కలిపితే వేడెక్కే ప్రత్యేకమైన పాదరసం గురించి బాయిల్ 1676లో రాయల్ సొసైటీ పత్రికలో రాస్తే, న్యూటన్ ఆ సొసైటీ కార్యదర్శికి ఉత్తరం రాశాడు: ఇలాంటివి బయటపెట్టకుండా మౌనంగా ఉండటం మంచిదని. 1404లో ఇంగ్లండ్‌లో నాలుగో హెన్రీ హయాంలో బంగారం, వెండి ‘పెంచడాన్ని’, అంటే వేరే లోహాల నుంచి తయారుచేయడాన్ని, నేరం చేస్తూ చట్టం వచ్చింది. 1689లో దాన్ని రద్దు చేయించడంలో బాయిల్ చేయి ఉంది. ఆయన పోయాక, బంగారం పనికోసం ఆయన దాచుకున్న ఎర్రమట్టిలో కొంత తత్వవేత్త జాన్ లాక్ 1692లో న్యూటన్‌కి పంపాడు.

మరి విడిపోవడం ఎప్పుడు? 17వ శతాబ్దం చివర్లో మొదలైంది. ఫ్రాన్స్‌లో నికొలా లెమరీ రాసిన పాఠ్యపుస్తకం బాగా అమ్ముడుపోయింది. అందులో అల్ అనేది మామూలు కిమిస్ట్రీ కంటే ఉన్నతమైనదాన్ని, అంటే లోహాల మార్పిడిని సూచించడానికి చేర్చిన మాట అని ఆయన చెప్పాడు. అరబ్బీలో ఉత్త ‘ది’ అయిన ముక్కకు లేని గొప్పతనం అంటగట్టడం అది. ఆ అపార్థం మీదే ఒకే విద్య రెండుగా చీలింది: అల్ ఉన్నది బంగారం పిచ్చి, లేనిది మర్యాదస్తుల శాస్త్రం. 1722లో పారిస్ శాస్త్ర అకాడమీలో జెఫ్రాయ్ అనే కెమిస్ట్, పరుసవేది పేరుతో జరిగే మోసాల మీద ఒక పత్రం చదివాడు. మూసకు రెండో అడుగు పెట్టడం, బోలు కర్రలో బంగారం దాచడం లాంటి కిటుకులు బయటపెట్టాడు. మోసగాళ్ళు ఉన్నమాట నిజమే. కానీ బంగారం చేయడం అసాధ్యమని అప్పటికి ఎవరూ ప్రయోగంతో తేల్చలేదు. అదే అకాడమీలో అంతకు కొన్నేళ్ళ ముందు వరకూ హోమ్‌బర్గ్ అనే కెమిస్ట్ బంగారం చేసే ఆ ప్రయత్నమే చేశాడు. కొత్తగా కనిపెట్టిన సంగతి కంటే, గౌరవంగా కనబడాలన్న అవసరమే ఈ విడాకులకు పెద్ద కారణమని నా అభిప్రాయం.

స్పెల్లింగ్ మాత్రం వెంటనే పోలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువులోనూ వైయే. 1789లో లవోయిజియే ఫ్రెంచిలో రాసిన పుస్తకాన్ని 1790లో రాబర్ట్ కెర్ ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు పేరు ‘ఎలిమెంట్స్ ఆఫ్ కెమిస్ట్రీ’, ఈతోనే. 19వ శతాబ్దం గడిచేకొద్దీ వై వాడుకలోంచి జారిపోయింది.

ఆ చీలిక వల్ల నష్టం జరిగింది. న్యూటన్ ఈ విద్య మీద సుమారు పది లక్షల మాటలు రాసి పెట్టాడు. 1888లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయన కాగితాలు పరిశీలించి, గణితం, భౌతికశాస్త్రం ఉంచుకుని వీటిని వారసులకు వెనక్కి ఇచ్చేసింది. 1936లో సదబీస్ వేలంలో అవి ముక్కలుముక్కలుగా అమ్ముడుపోయాయి. ఆర్థికవేత్త కీన్స్ పూనుకుని చాలావరకు కొని కూడబెట్టకపోతే ఇంకెన్ని దూరమయ్యేవో.

1998లో విలియం న్యూమన్, లారెన్స్ ప్రిన్సిపే అనే ఇద్దరు అమెరికన్ చరిత్రకారులు ఒక వ్యాసంలో అడిగింది ఇదే: 17వ శతాబ్దానికి మన ఆల్కెమీ, కెమిస్ట్రీ అనే రెండు పెట్టెలు ఎందుకు? ఆ కాలంవాళ్ళ స్పెల్లింగే, వైతో ఉన్న ‘కిమిస్ట్రీ’నే వాడదాం అన్నారు. అందరూ ఒప్పుకోలేదు, అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. కానీ ప్రిన్సిపే మాటలతో ఊరుకోలేదు. పాత గ్రంథాల మార్మిక భాష విప్పి, ఆంటిమొనీ సాయంతో ప్రత్యేక పాదరసం తయారుచేసి, బంగారంతో కలిపి గాజు బుడ్డిలో మూసి రోజుల తరబడి వేడిచేస్తే, ఆ ముద్ద పైకి లేచి కొమ్మలు వేసి చెట్టులా పెరిగింది. పాతకాలంవాళ్ళు రాసిన ‘తాత్వికుల వృక్షం’ ఉత్త కవిత్వం కాదని, కొలిమి ముందు కళ్ళారా చూసిందని తేలింది.

న్యూమన్ ఇండియానా విశ్వవిద్యాలయంలో న్యూటన్ రాతప్రతులను ఆన్‌లైన్‌లో పెట్టే పని మొదలుపెట్టాడు. దాని పేరు ‘ది కిమిస్ట్రీ ఆఫ్ ఐజాక్ న్యూటన్’, వైతోనే. టైపు చేద్దామంటే న్యూటన్ వాడిన లోహాల, ద్రవ్యాల గుర్తులు చాలావరకు కంప్యూటర్లో లేవు. వాళ్ళు కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణం నిర్ణయించే యూనికోడ్ వాళ్ళకి ప్రతిపాదన పంపితే 2010లో 116 గుర్తులతో ఒక విభాగమే వచ్చింది. ఎవరైనా ఇప్పుడు ఆ ప్రతులు తెరిచి, న్యూటన్ ఏ ద్రవ్యంలో ఏది కలిపాడో ఆయన గుర్తుల్లోనే చదువుకోవచ్చు.