మంచు పడని మిన్నెసోటాలో స్కీ పిల్లలు

2024 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్‌లో క్రాస్ కంట్రీ స్కీ (కాళ్లకు సన్నటి పలకలు, చేతిలో కర్రలతో మంచు మీద కిలోమీటర్ల కొద్దీ సాగే పందెం) ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. 2001 తర్వాత ఈ పోటీలు ఆ దేశానికి రావడం అదే మొదటిసారి. 2020 మార్చిలోనే జరగాల్సినవి కోవిడ్ వల్ల రద్దయ్యాయి. నాలుగేళ్లు ఆగి మళ్లీ పెట్టుకుంటే, ఆ ఊరి రికార్డుల్లోనే అతి వెచ్చటి చలికాలం వచ్చిపడింది. ముందు ఏడాదేమో అదే ఊళ్లో 90 అంగుళాల మంచు కురిసింది! థియొడర్ వర్త్ పార్కులో ఎండుగడ్డి మధ్య యంత్రాలతో చేసిన మంచును పరిచి దారి వేశారు. పోటీల ముందు ఆకాశం కాస్త కరుణించి ఒక పొర మంచు రాల్చింది కాబట్టి పరువు దక్కింది.

పోటీ బాగానే జరిగింది. అలాస్కా కుర్రాడు గస్ షూమాకర్ పది కిలోమీటర్ల పందెం గెలిచాడు. మిన్నెసోటా ఆడపడుచు జెస్సీ డిగ్గిన్స్ ఆడవాళ్ల పందెంలో మూడో స్థానంలో నిలిచింది. చూడటానికి వేలమంది వచ్చారు. అయితే ఛాంపియన్లకు మంచు ఎలాగో దొరుకుతుంది, ఇక్కడ లేకపోతే విమానం ఎక్కి వెళ్తారు. బడి వదిలాక సాయంత్రం గంటన్నర ప్రాక్టీసుకు వచ్చే పన్నెండేళ్ల పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? మిన్నెసోటాలో స్కీ హైస్కూలు ఆట. డిగ్గిన్స్ కూడా స్టిల్‌వాటర్ హైస్కూలు జట్టు నుంచే వచ్చింది.

మంచు కరువు కొత్తది కాదు. స్వీడన్‌లో 1922లో మొదలైన 90 కిలోమీటర్ల వాసలోపెట్ పందెం 1932లో, 1934లో, మళ్లీ 1990లో మంచు లేక ఆగిపోయింది. కాకపోతే ఆ రోజుల్లో స్కీకి మంచు తక్కువే సరిపోయేది. పొలంలోనో అడవిలోనో రెండు సన్నటి గాడులు పడితే చాలు, వాటి వెంట జారుకుంటూ పోవచ్చు. 1982లో వెర్మాంట్‌కు చెందిన బిల్ కోక్ ప్రపంచ కప్ గెలిచాక లెక్క మారింది. ఐస్ స్కేటింగ్‌లో లాగా కాళ్లను పక్కలకు తోస్తూ వెళ్లే పద్ధతి ఆయన వల్లే ప్రచారంలోకి వచ్చింది. వేగం పెరిగింది. కానీ దానికి రోడ్డంత వెడల్పు దారి కావాలి, యంత్రంతో గట్టిగా అణచాలి. అంటే వాతావరణం వేడెక్కుతున్న కాలంలోనే ఈ ఆట మంచు ఖర్చును పెంచుకుంది. ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మంచు లేని నెలలకు పాత మందు రోలర్ స్కీ. చిన్న చక్రాలున్న పొట్టి పలకలు, చేతిలో కర్రలు, కింద తారు రోడ్డు. ఊపిరికీ కండలకూ మంచి సాధన. ఇబ్బందల్లా నేర్చుకునే దశలోనే. గాడుల వెంట నేరుగా పోయే పాత పద్ధతిని క్లాసిక్ అంటారు. ఆ పద్ధతి రోలర్ స్కీలో చక్రం వెనక్కి తిరగకుండా లోపల ఒక పట్టు ఉంటుంది. పిల్లవాడు ఎలా తన్నినా పట్టు దొరుకుతుంది. మంచు మీద అలా కాదు, స్కీ పలకకు మైనం పూసిన నడిమి భాగాన్ని సరైన క్షణంలో నేలకు నొక్కితేనే పట్టు, లేకపోతే కాలు వెనక్కి జారుతుంది. వేసవంతా చక్రాల మీద చురుగ్గా పోయిన పిల్ల మొదటి మంచు రోజున బోర్లాపడి బిక్కమొహం వేసేది అందుకే. చాలా రోలర్ స్కీలకు బ్రేకులు కూడా ఉండవు. వాలు చూస్తే పిల్లలకన్నా పక్కన నిలబడ్డ తల్లిదండ్రులకే ఎక్కువ టెన్షన్. అందుకని కోచ్‌లు కర్రలు పట్టించి కొండ ఎక్కిస్తారు, గెంతిస్తారు, ఒంటికాలి మీద నిలబెడతారు.

రెండో మార్గం మంచును తయారుచేయడం. 1950 ప్రాంతంలో కనెటికట్‌లో మొదలైన స్నో గన్ పద్ధతి 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ నాటికి పెద్ద వేదిక ఎక్కింది. నీటిని సన్నటి తుంపరగా చల్లగాలిలోకి చిమ్మితే కిందపడేలోగా గడ్డకడుతుంది. చలి అంతంతమాత్రంగా ఉంటే మాత్రం గాలి పొడిగా కూడా ఉండాలి. మన మట్టికుండ కథే ఇది. ఎండాకాలపు పొడిగాలిలో కుండనీళ్లు చల్లబడతాయి, ముసురు పట్టినప్పుడు అంతగా చల్లబడవు. గాలిలో తేమ ఎక్కువైతే తుంపర కూడా అలాగే మొరాయిస్తుంది. వెచ్చటి, తేమ నిండిన డిసెంబరులో ఎంత ఖరీదైన గన్ అయినా ఖాళీగా నిలబడాల్సిందే.

మూడోది దాచుకోవడం. ఇందులో మాత్రం మనవాళ్లకు తెలియనిది ఏమీ లేదు. సోడాకొట్టులో ఐసుగడ్డ మీద రంపపు పొట్టు కప్పేవాళ్లు, గుర్తుందా? పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఈశాన్యపు చెరువుల నుంచి కోసిన ఐసు అదే పొట్టులో చుట్టుకుని ఓడల్లో మద్రాసు దాకా వచ్చింది. దాన్ని దించుకున్న ఐస్ హౌస్ భవనం మెరీనా తీరాన ఇప్పటికీ ఉంది. ఆ ఈశాన్యంలోనే ఉన్న వెర్మాంట్‌లో, క్రాఫ్ట్స్‌బరీ స్కీ కేంద్రం 2019లో మంచు కుప్ప పోసి చెక్కముక్కలు కప్పింది. వేసవి దాటాక సుమారు 60 శాతం మిగిలింది. స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్, స్విట్జర్లాండ్‌లోని దావోస్ అంతకు చాలా ముందే ఈ దారి పట్టాయి. ఫిన్లాండ్ ఇంకో అడుగు వేసి 1997లో వూకటిలో స్కీ కోసం ఏకంగా సొరంగమే కట్టింది.

ఇవన్నీ పనిచేస్తాయి. కానీ దేనికైనా నీళ్లు, కరెంటు, డబ్బు కావాలి. అందుకే తయారైన మంచు చాలాచోట్ల కొద్ది కిలోమీటర్ల చుట్టు దారిగానే ఉంటుంది. ఆ కాస్త చోటులోనే హైస్కూలు జట్లు, క్లబ్బులు, ఆఫీసు నుంచి వచ్చిన పెద్దలు, ఇంకా కాళ్లు నిలదొక్కుకోని ఏడేళ్ల పిల్లలు. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టిన యంత్రపు మంచు గాజులా ఉంటుంది, పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. వెనక నుంచి దూసుకొచ్చే పదిహేడేళ్ల వాళ్లను చూసి చిన్నవాళ్లు పక్కకు తప్పుకుంటారు. కొందరు మళ్లీ రారు. ఇంతకుముందు ఇంటి వెనక తోటలో, ఎవరూ చూడనిచోట, పది సార్లు పడి నేర్చుకునే వీలుండేది. నా దృష్టిలో అసలు పోయింది అదే, దాన్ని ఏ గన్నూ తయారుచేయలేదు.

మన దేశంలోనూ ఈ గండం కనిపిస్తోంది. 2025 ఫిబ్రవరిలో గుల్‌మర్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదాపడి మార్చిలో జరిగాయి. మిన్నెసోటా పొరుగున విస్కాన్సిన్‌లో 1973 నుంచి సాగుతున్న బర్కీ పందెం 2017లో రద్దయింది. 2024లో మాత్రం అడవిగుండా వెళ్లే 50 కిలోమీటర్ల దారి వదిలేసి, యంత్రపు మంచు పోసిన పది కిలోమీటర్ల చుట్టు మీదే వేలమందిని తిప్పారు.