ఈగ ఆయుష్షుకు ఎసరు పెట్టేదెవరు?

పిల్లల్ని కంటే ఒంట్లో సత్తువ పోతుంది, ఆయుష్షు తరుగుతుంది అనే మాటకు సైన్సులో ఆధారం వెతుక్కుంటూ పోతే, దారిలో ఎక్కడో ఒకచోట పండు ఈగ తగులుతుంది. మగ్గిన పండ్ల మీద ముసిరే ఎర్రకళ్ల ఈగ. పొడవు 3 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. ల్యాబుల్లో దాన్ని డ్రోసోఫిలా అంటారు. 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే 10 రోజుల్లో గుడ్డు కాస్తా ఈగవుతుంది, ఆ ఈగ మహా అయితే రెండు మూడు నెలలు బతుకుతుంది. అవ్వ చావునీ మునిమనవరాలి పుట్టుకనీ ఒకే సెమిస్టర్‌లో చూసేయొచ్చు.

1910లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గన్‌కు తెల్లకళ్ల మగ ఈగ ఒకటి కనిపించాక ఈ పురుగు జన్యుశాస్త్రానికి ఆస్థాన ఈగ అయిపోయింది. 1920ల్లో జాన్స్ హాప్కిన్స్‌లో రేమండ్ పెర్ల్, మనుషులకు వేసే ఆయుర్దాయ పట్టికలను ఈగలకూ వేశాడు. ఎప్పుడు ఎన్ని చస్తున్నాయో తెలిసింది. అసలు ముసలితనం ఎందుకుండాలి అన్నది మాత్రం తేలలేదు.

దానికి ఓ దారి చూపించింది పీటర్ మెడవార్, 1951లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో. ఆరుబయట బతికే జీవి ముసలిదయ్యేదాకా ఎక్కడ ఆగుతుంది? ఏ సాలీడు నోటికో, ఏ చలికో ముందే పోతుంది. కాబట్టి ముదిమిలో బయటపడే లోపాన్ని ఏరిపారేసే అవకాశం ప్రకృతి వరణానికి, అంటే బతుక్కి పనికొచ్చే లక్షణాలనే తరాల్లో నిలబెట్టే ప్రక్రియకు, దాదాపు చిక్కదు. 1957లో జార్జ్ విలియమ్స్ ఇంకో అడుగు ముందుకేశాడు: వయసులో ఉండగా ఎక్కువ సంతానాన్నిచ్చే జన్యువు, ఆ తర్వాత ఒంటిని గుల్ల చేసినా సరే, తరాల్లో నిలిచిపోతుందన్నాడు.

కాగితం మీద బాగానే ఉంది. ఈగలు ఒప్పుకోవాలి కదా.

విమానాల పని వదిలేసి జీవశాస్త్రంలోకి వచ్చిన జాన్ మేనార్డ్ స్మిత్, 1958లో డ్రోసోఫిలాలోనే మరో జాతి మీద చేసిన ప్రయోగాలు ప్రచురించాడు. అండాశయాలు లేని ఆడ ఈగలు మామూలు వాటికన్నా ఎక్కువ బతికాయి. కొన్నాళ్లు 30 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచడంతో గుడ్లు పెట్టడం తగ్గిన ఈగలదీ అదే దారి. తొలి నిందితులు గుడ్లే అన్నమాట.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది మైకేల్ రోజ్ అనే జీవశాస్త్రవేత్త పని. అందులో మందు లేదు, ఆపరేషన్ లేదు, ఉన్నదల్లా ఓపిక. ఓ గాజు గొట్టం, అడుగున ఈస్టు, చక్కెర కలిపి గడ్డకట్టించిన జావ, మూతికి దూది. జావ మీద అర మిల్లీమీటరు తెల్ల గుడ్లు, ఒక్కోదానికి ఒక కొసన రెండు సన్నటి పోగులు. మైక్రోస్కోపులో చూస్తూ వాటిని లెక్కపెట్టాలి, బతికున్న ఈగల్ని కొత్త గొట్టంలోకి దులపాలి, చచ్చినవి రాసుకోవాలి, రేపు మళ్లీ మొదలు. రోజ్ కొన్ని వంశాల్లో పడుచు ఈగల గుడ్లనే తర్వాతి తరానికి ఉంచాడు. మరికొన్నిటిలో తొలినాళ్ల గుడ్లన్నీ పక్కన పెట్టేసి, వయసు మళ్లిన ఈగలు పెట్టినవే తీసుకున్నాడు. తరం తరానికీ ఆ గడువు పెంచుకుంటూ పోతే చివరికి ఒక వరసలో తరానికి 14 రోజులు, ఇంకో వరసలో తరానికి 70 రోజులు పట్టేలా స్థిరపడ్డాయి.

ఎక్కువకాలం బతికేవాటిని ఏరమని ఇక్కడెవరూ అనలేదు, గమనించండి. ఆలస్యంగా తల్లయ్యే అవకాశం మాత్రమే ఇచ్చారు. 1984లో ఫలితాలు అచ్చయ్యేసరికి ఆ ఈగల ఆయుష్షు పెరిగింది, వయసులో పెట్టే గుడ్లు తగ్గాయి. విలియమ్స్ చెప్పింది సరిగ్గా ఇదే. అదే ఏడాది లియో లకిన్‌బిల్ బృందం కూడా, రోజ్‌తో సంబంధం లేకుండా, ఇలాంటి ఫలితమే చూపించింది.

గుడ్ల బాధ లేని మగవాటి సంగతేంటి? 1981లో లిండా పార్ట్రిడ్జ్, మారియన్ ఫార్కర్ కొన్ని మగ ఈగలకు రోజూ ఒక కన్నె ఈగను, కొన్నిటికి ఎనిమిదింటిని ఇచ్చారు. పోలిక కోసం మరికొన్ని మగవాటి దగ్గర అంతే సంఖ్యలో, అప్పటికే జతకట్టేసి మగవాటిని దగ్గరికి రానివ్వని ఆడ ఈగల్ని ఉంచారు. ఆ జాగ్రత్త వల్లే ఈ ప్రయోగం ఇప్పటికీ నిలబడింది. జతకట్టినవే ముందు పోయాయి.

ఆడవాటికి గుడ్ల ఖర్చుకు తోడు ఇంకో దెబ్బ ఉందని 1989లో తేలింది. గుడ్ల సంఖ్య సమానంగా ఉన్నా, మళ్లీ మళ్లీ జతకట్టిన ఆడ ఈగలు త్వరగా చచ్చాయి. 1995లో ట్రేసీ చాప్‌మన్ బృందం అసలు దోషిని పట్టుకుంది. శుక్రకణాలు కాదు, వాటితో వచ్చే ద్రవం. అందులో 36 అమైనో ఆమ్లాలతో అల్లిన సెక్స్ పెప్టైడ్ అనే చిన్న ప్రోటీను ఒకటుంది. జతకట్టడం 15, 20 నిమిషాల్లో అయిపోతుంది, దీని ప్రభావం మాత్రం రోజులు నిలుస్తుంది: ఆడ ఈగ ఎక్కువ తింటుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది, ఇంకో మగ ఈగ వస్తే తన్ని తరిమేస్తుంది. మగదానికి లాభమే, తన పిల్లల సంఖ్య పెరుగుతుంది. ఆడదాని ఆయుష్షు దాని లెక్కలోకి రాదు.

ఇది మరీ మగవాటి మీద నింద అనిపిస్తే విలియం రైస్ 1996లో చేసింది చూడాలి. ఆడ ఈగల్ని మారకుండా ఉంచి, మగవాటిని మాత్రం 40 తరాలకు పైగా పరిణామం చెందనిచ్చాడు. ఆ మగవాటితో జతకట్టిన ఆడవి ఇంకా ముందే చచ్చాయి.

ఇంతవరకూ వచ్చాక గుడ్ల మీద కేసు మూసేయొచ్చా అంటే, అదీ కుదరలేదు. 1999లో కార్లా స్గ్రో, పార్ట్రిడ్జ్ రోజ్ తరహా వంశాలను తయారుచేసి, రెండు రకాల్లోనూ ఆడ ఈగల్ని గొడ్రాళ్లను చేస్తే, వాటి ఆయుష్షుల మధ్య తేడా మాయమైంది. తొలినాళ్ల గుడ్ల దెబ్బ ఎప్పుడో తర్వాత బయటపడుతోందని తేలింది. మళ్లీ 2009లో తిండి తగ్గించి ఆయుష్షు పెంచిన ఈగలకు మెథియోనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం కలిపితే, గుడ్లు పెరిగాయి, ఆయుష్షు తగ్గలేదు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాల్సిందే అన్న పాత లెక్క అక్కడ తప్పింది.

2014లో ఇంకో మెలిక. ఆడ ఈగ వాసన వచ్చేలా జన్యువులు మార్చిన మగ ఈగల మధ్య మామూలు మగవాటిని వదిలారు. జతకట్టింది లేదు, పిల్లల్లేరు. అయినా ఒంట్లో కొవ్వు కరిగిపోయి ముందే చచ్చాయి. నిజం ఆడ ఈగలతో జతకట్టనిచ్చినప్పుడు ఆ నష్టం కొంత తగ్గింది.